ట్రెపొనీమా పక్కన లాక్టోబాసిలస్: కో-కల్చర్ ప్రాజెక్టు డైరీ

జూన్ – ప్రశ్న ఏమిటి

సిఫిలిస్ తెచ్చే ట్రెపొనీమా పాలిడంను ల్యాబ్‌లో చంపడం చాలా తేలిక. గాలి తగిలినా, కాస్త వేడెక్కినా, పెంచే ద్రవం (మీడియం)లో కలిపే సీరం లాట్ నప్పకపోయినా అది చస్తుంది. అందుకే "యోనిలోని మంచి బాక్టీరియా సిఫిలిస్ క్రిమిని చంపేసింది" అని ఎవరైనా ఒక ప్లేటు చూపిస్తే దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. చచ్చిన మాట నిజమే, దేనివల్ల చచ్చింది? ఆమ్లం వల్లా, గ్లూకోజు అయిపోయా, ఆక్సిజన్ తేడా వల్లా, మనం పోసిన మీడియంలోని సబ్బులాంటి పదార్థం వల్లా? యోనిలో ఉండే లాక్టోబాసిలస్ లాంటి బాక్టీరియాను ట్రెపొనీమా పక్కన పెట్టి (కో-కల్చర్), వీటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీయడమే ఈ ప్రాజెక్టు పని.

పని అవసరమా అంటే, చాలా అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో 15–49 ఏళ్లవారిలో కొత్తగా 80 లక్షల సిఫిలిస్ కేసులు వచ్చాయి. అదే ఏడాది తల్లి నుంచి బిడ్డకు సోకిన కేసులు 7 లక్షలు. గర్భాశయ ముఖద్వారం మీద వచ్చే తొలి పుండు నొప్పి పెట్టదు, కంటికి కనబడదు. గర్భిణికి వీడీఆర్ఎల్ అనే రక్తపరీక్ష చేస్తే తప్ప చాలాసార్లు సంగతి బయటపడదు. బాక్టీరియల్ వజైనోసిస్ (యోనిలో లాక్టోబాసిలస్ తగ్గి వేరే బాక్టీరియా పెరగడం) ఉన్న స్త్రీలకు హెచ్ఐవీ, గనేరియా, క్లమీడియా సోకే అవకాశం ఎక్కువని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. సిఫిలిస్ విషయంలో ప్రయోగశాల ఆధారాలు మాత్రం బాగా పలచగా ఉన్నాయి. కారణం స్పష్టమే: 2018 దాకా ఈ బాక్టీరియాను ఎక్కువకాలం పెంచాలంటే కుందేలు వృషణాలే దిక్కు. ఆ ఏడాది హ్యూస్టన్‌లో ఎడ్మండ్సన్, హు, నోరిస్ కుందేలు కణాల మీద దాన్ని నెలల తరబడి పెంచి చూపాక ఇలాంటి ప్రయోగాలకు దారి దొరికింది.

జూన్ చివరివారం – ట్రెపొనీమాను నిలబెట్టడం

స్ట్రెయిన్ నికల్స్. 1912లో ఒక రోగి వెన్ను ద్రవం నుంచి తీసింది. ఫీడర్ కణాలు, అంటే ట్రెపొనీమా అంటుకుని పెరిగే కణాలు, కాటన్‌టెయిల్ కుందేలు చర్మకణాలు, ఎస్ఎఫ్1ఈపీ. మీడియం టీపీసీఎం-2: సీఎంఆర్ఎల్ 1066 ఆధారం, 20 శాతం పిండ దూడ సీరం, డైథయోత్రైటాల్, పైరువేట్, గ్లూటమిన్, అదనపు గ్లూకోజు. ఇన్క్యుబేటర్ 34 డిగ్రీలు, ఆక్సిజన్ 1.5 శాతం, కార్బన్ డయాక్సైడ్ 5 శాతం, మిగిలింది నైట్రోజన్.

ఆక్సిజన్ 1.5 శాతం అన్నది కచ్చితంగా పాటించాల్సిన అంకె. పూర్తిగా లేకపోతే పెరగదు, మామూలు గాలి అయితే బతకదు. దీనికి కెటలేజ్ లేదు, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ లేదు. మీడియం కలిపిన వెంటనే వాడకూడదు. ముందుగా జార్‌లో గాలి లాగేసి 95 శాతం నైట్రోజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ నింపాలి. ఆ తర్వాత కనీసం మూడు గంటలు 1.5 శాతం ఆక్సిజన్ ఇన్క్యుబేటర్‌లో ఉంచాలి. సీసా మూత బిగిస్తే లోపలి వాయువు మారదు, వదులుగా పెట్టాలి. ద్రవం లోతు ఎక్కువైతే సమతుల్యం కావడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి వెడల్పాటి ఫ్లాస్కులో పలచటి పొరగా పోయడం మేలు.

34 డిగ్రీలు ఎందుకంటే వేడి దీనికి పడదు. పెనిసిలిన్ రాకముందు సిఫిలిస్ రోగికి కావాలని మలేరియా జ్వరం తెప్పించి వైద్యం చేసేవారు, దానికి వాగ్నర్-యాఉరెగ్‌కు 1927లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ మన శరీరం లోపల 37 డిగ్రీలు. ఈ తేడా మా ఫలితాలన్నిటికీ వర్తించే షరతు, ప్రతి పట్టికలోనూ రాస్తున్నాం.

రెట్టింపు కావడానికి సుమారు 30 నుంచి 50 గంటలు. 40 గంటలనుకుంటే ఏడు రోజుల్లో నాలుగు రెట్టింపులకు కాస్త ఎక్కువ, అంటే దాదాపు 18 రెట్లు. వారానికోసారి ట్రిప్సిన్-ఈడీటీఏతో ఫీడర్ కణాలను ఊడదీస్తే వాటికి అంటుకున్న ట్రెపొనీమాలు కూడా బయటికొస్తాయి. కొద్ది నిమిషాలు చాలు. పైపెట్‌తో గట్టిగా కొడితే పై పొర చిరుగుతుంది. అది ఎంత నాజూకంటే సెంట్రిఫ్యూజ్‌లో గట్టిగా తిప్పినా ఊడిపోతుంది. ఫీడర్ ముక్కలను తీసేయడానికి నెమ్మదిగా ఒకసారి తిప్పి పైన తేరిన తేట వాడుకోవాలి, ట్రెపొనీమాలు అందులోనే ఉంటాయి.

ఇంకో జాగ్రత్త. మామూలు కణ కల్చర్‌లో అలవాటుగా పోసే పెనిసిలిన్-స్ట్రెప్టోమైసిన్ మిశ్రమం ఈ గదిలోకే రాకూడదు. స్టాక్ ఫ్లాస్కులో వాడి, తర్వాత కడిగితే సరిపోతుందనుకోవడం పొరపాటు. రెట్టింపు కావడానికి ఇంత సమయం తీసుకునే జీవి అన్ని రోజులూ ఆ కొసరు పెనిసిలిన్‌లోనే నానుతుంది. ఎస్ఎఫ్1ఈపీ స్టాకునే యాంటీబయాటిక్ లేకుండా పెంచుతున్నాం.

భద్రత గురించి ఒక్క అంకె చాలు. 1950ల్లో వాలంటీర్ల మీద చేసిన అధ్యయనంలో సగం మందికి సోకడానికి చర్మంలోకి ఎక్కించిన 57 జీవులు సరిపోయాయి. సూదులు, గాజు ముక్కలు ఈ పనిలో వాడం. పనిచేసేవాళ్ల రక్తపరీక్ష మొదలుపెట్టకముందే చేయించి పెట్టుకోవాలి.

జూలై – లాక్టోబాసిలస్ తేట, అందులోని చిక్కులు

2011లో రావెల్ బృందం 396 మంది అమెరికా స్త్రీల నమూనాలు చదివి యోని సూక్ష్మజీవుల సముదాయాలను ఐదు రకాలుగా విడదీసింది. నాలుగింటిలో లాక్టోబాసిలస్‌దే రాజ్యం: క్రిస్పేటస్, గాసెరి, ఐనర్స్, జెన్సెనియై. ఇంకోదానిలో లాక్టోబాసిలస్ తక్కువ, గార్డ్‌నెరెల్లా, ప్రీవోటెల్లా వంటివి ఎక్కువ. మేము తీసుకున్నవి క్రిస్పేటస్, ఐనర్స్, గార్డ్‌నెరెల్లా వజైనాలిస్, ప్రీవోటెల్లా బివియా. వీటిని పెంచిన ద్రవాన్ని బాక్టీరియా లేకుండా వడగట్టి తీసిందే ఇక్కడ తేట.

క్రిస్పేటస్ ఎంఆర్ఎస్ అనే బ్రాత్ (పోషక ద్రవం)లో హాయిగా పెరుగుతుంది. ఐనర్స్ మామూలు ఎంఆర్ఎస్‌లో పెరగదు, సిస్టీన్, గ్లూటమిన్ కలపాలి. గార్డ్‌నెరెల్లాకు ఎన్‌వైసీ-3. మూడింటికి మూడు బ్రాత్‌లు కాబట్టి మూడు ఖాళీ కంట్రోళ్లు ఉండాల్సిందే. బాక్టీరియా వేయని అదే బ్రాత్‌ను అదే పీహెచ్‌కు తెచ్చి, అదే 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడగట్టి పక్కన పెట్టాలి. ఎంఆర్ఎస్‌లో లీటరుకు 1 గ్రాము ట్వీన్ 80, 5 గ్రాముల సోడియం అసిటేట్ ఉంటాయి. ట్వీన్ డిటర్జెంట్. ట్రెపొనీమా పై పొరకు అది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. అసిటేట్ ఎలాగూ సేంద్రియ ఆమ్లమే. ఖాళీ ఎంఆర్ఎస్ కంట్రోల్ లేకుండా "క్రిస్పేటస్ తేట చంపింది" అంటే ఆ మాటకు విలువ లేదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు బఫర్, అంటే పీహెచ్ మారకుండా పట్టి ఉంచే పదార్థం. తేటను పదో వంతు కలిపి ఏ ప్రభావమూ లేదని తేల్చడం చాలా సులువు, ఎందుకంటే అక్కడ ఆమ్లమే మిగలదు. లెక్క చూడండి. తేటలో లాక్టిక్ ఆమ్లం 100 మిల్లీమోలార్ అనుకుందాం. పదో వంతు కలిపితే మీడియంలోకి చేరేది మహా అయితే 10 మిల్లీమోలార్ ఆమ్లం. బైకార్బొనేట్ 26 మిల్లీమోలార్, కార్బన్ డయాక్సైడ్ 5 శాతం ఉన్నచోట అది 16కు పడిపోతుంది. పీహెచ్ 7.4 దగ్గర నుంచి 7.2 దగ్గరకు వస్తుంది, అంతే. అంటే మనం పరీక్షించింది ఆమ్ల తేటను కాదు, తటస్థం చేసిన తేటను.

ఆమ్లం ఎంత ముఖ్యమో చెప్పే అంకెలు ఇంకొన్ని. లాక్టిక్ ఆమ్లం పీకేఏ (సగం అణువులు అయాన్‌గా విడిపోయే పీహెచ్) 3.86. సూక్ష్మజీవుల పొర దాటి లోపలికి దూరేది అయాన్‌గా విడిపోని రూపమే. పీహెచ్ 3.5 దగ్గర మొత్తంలో 70 శాతం ఆ రూపంలో ఉంటుంది. 4.5 దగ్గర 19 శాతం, 5.5 దగ్గర 2 శాతం, 7 దగ్గర 0.07 శాతం. లాక్టోబాసిలస్ బలంగా ఉన్న యోని ద్రవంలో లాక్టిక్ ఆమ్లం సుమారు 1 శాతం, అంటే 111 మిల్లీమోలార్. అదే 111 మిల్లీమోలార్‌లో విడిపోని ఆమ్లం పీహెచ్ 4.5 దగ్గర దాదాపు 21 మిల్లీమోలార్, పీహెచ్ 7 దగ్గర 0.08. వీర్యం యోనిలో ఆమ్లాన్ని కొంతసేపు తటస్థం చేస్తుంది కాబట్టి నిజ జీవితంలో ట్రెపొనీమా వచ్చిపడేది పీహెచ్ 4లోకే అనుకోనక్కర్లేదు. 4.5 ఒక్కటే కాక 5.5, 6.5 కూడా పరీక్షలో పెట్టింది అందుకే.

కాబట్టి రెండు వేర్వేరు ప్రయోగాలు. ఒకటి, బైకార్బొనేట్ లేని ద్రావణంలో కొద్దిసేపు ఆమ్లానికి గురిచేసి ఆపేయడం. రెండోది, తటస్థ పీహెచ్‌లో ఏడు రోజులు పెంచి తేటలోని మిగతా పదార్థాల సంగతి చూడడం.

జూలై మూడోవారం – హెచ్‌సీఎల్ కంట్రోల్ ఎందుకు మోసం చేస్తుంది

లాక్టిక్ ఆమ్లం చేసే పని కేవలం పీహెచ్ వల్లా, ఆ అణువు వల్లా అని తేల్చడానికి అందరూ పెట్టే కంట్రోల్ అదే పీహెచ్‌కు తెచ్చిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం (హెచ్‌సీఎల్). ఇక్కడ జాగ్రత్తగా ఉండకపోతే ఫలితం తలకిందులవుతుంది.

పీహెచ్ 4.5 ఉన్న ఉత్త హెచ్‌సీఎల్ ద్రావణంలో హైడ్రోజన్ అయాన్లు 0.03 మిల్లీమోలార్ మాత్రమే. అందులోకి టీపీసీఎం-2లో ఉన్న ట్రెపొనీమాలను పదో వంతు పోస్తే వాటితోపాటు 2.6 మిల్లీమోలార్ బైకార్బొనేట్, 2 శాతం సీరం వచ్చిపడతాయి. పీహెచ్ క్షణంలో తటస్థం దగ్గరకు ఎగబాకుతుంది. లాక్టిక్ ఆమ్లం ట్యూబు మాత్రం తనకు తానే బఫర్ కాబట్టి 4.5 దగ్గరే నిలుస్తుంది. చివర్లో "లాక్టిక్ చంపింది, హెచ్‌సీఎల్ చంపలేదు, కాబట్టి లాక్టిక్‌కు ప్రత్యేక శక్తి ఉంది" అని రాసేస్తాం. అక్కడ పనిచేసింది పీహెచ్ తేడా ఒక్కటే.

మా పద్ధతి ఇది. ట్రెపొనీమాలు లేని టీపీసీఎం-2ను పదో వంతు కలిపి, ఆ మిశ్రమాన్ని 4.5కు తేవడానికి ఎంత హెచ్‌సీఎల్ పట్టిందో కొలుస్తాం. అంత ఆమ్లం ముందే ఉన్న ట్యూబులోకి అసలు ట్రెపొనీమాలను చివరగా పోస్తాం. సూక్ష్మ ఎలక్ట్రోడ్‌తో మొదట్లోనూ, గడువు ముగిశాకా మళ్లీ కొలవాలి. రెండు కొలతల మధ్య 0.2 కంటే ఎక్కువ తేడా వస్తే ఆ ట్యూబు లెక్కలోకి రాదు. బైకార్బొనేట్ ఉన్న ద్రవాల పీహెచ్‌ను బయట బల్ల మీద కొలవకూడదు. కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి అంకె పెరిగిపోతుంది. మేం వాడే సీఎంఆర్ఎల్‌లో ఫినాల్ రెడ్ లేదు, కాబట్టి రంగు చూసి పోల్చుకునే వీలూ లేదు.

లాక్టిక్ ఆమ్లం సీసా విషయం కూడా రాసి ఉంచాలి. 85 శాతం చిక్కటి ఆమ్లంలో కొంత భాగం అణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని ఉంటాయి. నీళ్లలో పలచన చేసి, వేడిచేసి వాటిని విడగొట్టాక మళ్లీ టైట్రేట్ చేస్తేనే అసలు గాఢత తెలుస్తుంది. నేరుగా సీసా మీది అంకె నమ్మితే గాఢత తప్పుతుంది.

లాక్టిక్ ఆమ్లం అయాన్‌గా విడిపోయిన రూపం లాక్టేట్. సోడియం లాక్టేట్ 111 మిల్లీమోలార్ అంటే దాదాపు 220 మిల్లీఆస్మోల్ అదనం. దానికి సరిపడా ఉప్పు వేసిన కంట్రోల్ పక్కన ఉండాలి, లేకపోతే ఉప్పదనం చేసిన పనిని లాక్టేట్ ఖాతాలో వేస్తాం.

గడువు ముగియగానే సమతుల్యం చేసిన టీపీసీఎం-2లో 20 రెట్లు పలచన చేస్తాం. మిగిలే లాక్టేట్ 5.5 మిల్లీమోలార్, బైకార్బొనేట్ దాన్ని సులువుగా తట్టుకుంటుంది. అక్కడి నుంచి నేరుగా ఫీడర్ ప్లేటు మీదికి.

డార్క్ ఫీల్డ్ మైక్రోస్కోపులో చూస్తే పీహెచ్ 4.5 దగ్గర లాక్టిక్ ట్యూబులోనూ, సరిగ్గా టైట్రేట్ చేసిన హెచ్‌సీఎల్ ట్యూబులోనూ కదలిక ఆగిపోతోంది. ఆగినంత మాత్రాన చచ్చినట్టు కాదు. ఆ రెండింటి మధ్య తేడా ఉందో లేదో మళ్లీ పెరిగే ప్లేట్లే చెప్పాలి.

ఆగస్టు – లెక్కపెట్టడం

స్లైడు మీద 10 మైక్రోలీటర్లు, పైన కవర్‌స్లిప్. 0.2 మైక్రాన్ల మందం, 6 నుంచి 15 మైక్రాన్ల పొడవున్న జీవి మామూలు వెలుతురులో కనబడదు. డార్క్ ఫీల్డ్‌లో నల్లటి నేపథ్యం మీద సన్నటి వెండి తీగ చుట్టలా మెరుస్తూ తన చుట్టూ తాను గిరగిరా తిరుగుతుంది. మధ్యలో ఉన్నట్టుండి నడుం వంచినట్టు వంగి, మళ్లీ నిటారవుతుంది. చచ్చినవి కూడా ద్రవంలో అల్లాడుతూనే ఉంటాయి, కొత్తవాళ్లు దాన్నే కదలిక అనుకుంటారు. తిరగడం, వంగడం రెండూ కనిపిస్తేనే బతికున్నట్టు లెక్కించాలి. నమూనాకు వంద జీవులు, పది నిమిషాల లోపు. ఆలస్యమైతే గాలీ, దీపం వేడీ వాటిని మందగింపజేస్తాయి. లెక్కపెట్టేవాళ్లకు ఏ ట్యూబు ఏదో తెలియకూడదు.

డీఎన్ఏ కాపీలను లెక్కపెట్టే క్యూపీసీఆర్ పోలాఏ జన్యువు మీద. జీనోముకు ఒకే కాపీ కాబట్టి కాపీల సంఖ్యే జీవుల సంఖ్య. అయితే చచ్చినవాటి డీఎన్ఏ కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే ప్రతి ప్లేటులో వేడితో చంపిన ట్రెపొనీమాల వెల్ (ప్లేటులోని గుంట) ఒకటి పెట్టి ఏడు రోజుల్లో ఆ డీఎన్ఏ ఎంత తగ్గుతుందో చూస్తున్నాం. ద్రవంలోవీ, ఫీడర్‌కు అంటుకున్నవీ విడివిడిగా తీయాలి. ఒక పదార్థం అంటుకోవడాన్ని మాత్రమే అడ్డుకుంటే ద్రవంలో అంకె పెరుగుతుంది, మొత్తం మారదు. ద్రవం ఒక్కటే చూసినవాళ్లకు అది పెరుగుదలలా కనిపిస్తుంది.

ఆగస్టు చివర – డి, ఎల్

ఈ ప్రాజెక్టులో మాకు అన్నిటికంటే ఆసక్తి కలిగిస్తున్న భాగం ఇదే. లాక్టిక్ ఆమ్లానికి అద్దంలో ప్రతిబింబాల్లాంటి రెండు రూపాలు, డి, ఎల్. క్రిస్పేటస్ డి-లాక్టిక్, ఎల్-లాక్టిక్ రెండూ చేస్తుంది. ఐనర్స్ ఎల్ మాత్రమే చేస్తుంది. ట్రెపొనీమా జీనోములో, 1998లో చదివినప్పుడు తేలినట్టు, క్రెబ్స్ చక్రం (పోషకాల నుంచి శక్తి తీసే ఒక రసాయన దారి) లేదు. శక్తికి గ్లూకోజే ఆధారమని చాలాకాలం అనుకున్నారు. 2020లో టెక్సస్ యూనివర్సిటీ సౌత్‌వెస్టర్న్ బృందం టీపీ0037 అనే ప్రోటీన్ డి-లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అని చూపింది. డి-లాక్టేట్‌ను పైరువేట్‌గా, చివరకు అసిటేట్‌గా మార్చి శక్తి పొందే దారి ఈ జీవికి ఉందన్న వాదనకు అది బలం.

అంటే ఆమ్లంగా ఉన్నప్పుడు చంపే అణువే, పీహెచ్ తటస్థమయ్యాక ట్రెపొనీమాకు తిండి కావచ్చు. ఇది ఊహ మాత్రమే, కానీ పరీక్షించదగ్గ ఊహ. పీహెచ్ 7.3 దగ్గర నాలుగు వరసలు: సోడియం డి-లాక్టేట్ 10 మిల్లీమోలార్, సోడియం ఎల్-లాక్టేట్ 10, ఉప్పు 10, ఏమీ కలపనిది. ఇవే మళ్లీ గ్లూకోజు సగానికి తగ్గించిన మీడియంలో. గ్లూకోజు పుష్కలంగా ఉంటే డి-లాక్టేట్ ప్రభావం ఉన్నా కనబడకపోవచ్చు. డి రూపం ఖరీదెక్కువ. చవకగా దొరికే డీఎల్ మిశ్రమం ఇక్కడ పనికిరాదు. సీరంలో సహజంగా ఉన్న లాక్టేట్, ఫీడర్ కణాలు వదిలే లాక్టేట్ దాదాపు అంతా ఎల్ కాబట్టి, రెండు రూపాలనూ విడిగా కొలిచే ఎంజైము కిట్‌తో మొదటిరోజూ చివరిరోజూ కొలవాలి.

సెప్టెంబరు – బతికున్నవాటిని పక్కపక్కన పెట్టడం

టీపీసీఎం-2లో బతికున్న క్రిస్పేటస్‌ను వేస్తే తెల్లారేసరికి పాలు తోడుకున్నట్టు అంతా పులుస్తుంది. లెక్క సరళం: మిల్లీలీటరుకు వెయ్యి వేసినా, రెండు గంటలకోసారి రెట్టింపు అయితే 24 గంటల్లో 40 లక్షలు. ఆలోగా ట్రెపొనీమా ఒక్కసారి కూడా రెట్టింపు కాదు. కాబట్టి బతికున్న కో-కల్చర్ 24 గంటలకు మించి నడపం. గ్లూకోజు, పీహెచ్ మధ్యమధ్యలో కొలుస్తాం. గ్లూకోజు తిరిగి పోసిన వెల్, పీహెచ్ సరిచేసిన వెల్, రెండూ చేసిన వెల్ వేర్వేరుగా ఉంటాయి.

రెండింటి మధ్య 0.4 మైక్రాన్ రంధ్రాల ఇన్సర్ట్ (అడుగున జల్లెడ పొర ఉన్న చిన్న గిన్నె) పెడితే లాక్టోబాసిలస్ పైనే ఆగుతుంది. ట్రెపొనీమా ఆగదు. 0.2 మైక్రాన్ల మందంతో మెలితిరుగుతూ పైకి వెళ్లిపోతుంది. కింది అర ఒక్కటే లెక్కపెడితే సంఖ్య తగ్గినట్టు కనబడుతుంది కాబట్టి రెండు అరలూ లెక్కపెట్టాలి. 0.22 ఫిల్టర్‌లో వడగట్టిన ద్రవంలో ట్రెపొనీమా లేదని కూడా అనుకోకూడదు.

మళ్లీ పెంచే ప్లేటులోకి లాక్టోబాసిలస్ వెంటరాకుండా ఆపడానికి రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ ప్రయత్నిస్తున్నాం. ట్రెపొనీమా లాంటి స్పైరోకీట్ల (మెలికల బాక్టీరియా) మీద అది సహజంగానే పనిచేయదు. వాడే క్రిస్పేటస్ స్ట్రెయిన్ దానికి లొంగుతుందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి. ప్రీవోటెల్లాను బతికుండగా ఇక్కడ పెట్టలేం, 1.5 శాతం ఆక్సిజన్ దానికి పడదు. దాని తేటతోనే సరిపెట్టుకోవాలి.

గార్డ్‌నెరెల్లా విషయంలో ఇంకో లోతైన ఇబ్బంది ఉంది. అది వదిలే వజైనోలైసిన్ అనే విషం మనిషి కణాల మీదున్న సీడీ59 ప్రోటీన్‌ను పట్టుకుని రంధ్రం చేస్తుంది. కుందేలు కణాల మీద ఆ పని సరిగా జరగదు. కాబట్టి ఎస్ఎఫ్1ఈపీ ప్లేటులో గార్డ్‌నెరెల్లా తేట అమాయకంగా కనిపిస్తే దాన్ని నమ్మడానికి లేదు. దీనికి మనిషి యోని కణాలు, వీకే2, కావాలి. అవి సీరం లేని కెరటినోసైట్ మీడియంలో, 0.4 మిల్లీమోలార్ కాల్షియంతో పెరుగుతాయి. టీపీసీఎం-2లోని 20 శాతం సీరం వాటిని విభజన ఆపి ముదిరిపోయేలా చేస్తుంది. అటు సీరం లేకపోతే ట్రెపొనీమా నిలవదు. రెండింటికీ నచ్చే మీడియం లేదు కాబట్టి వీకే2 మీద ఏడు రోజుల పెరుగుదల ఊసే ఎత్తడం లేదు. వీకే2ను ముందు గార్డ్‌నెరెల్లా తేటకు గురిచేసి, కడిగి, ఆ తర్వాత టీపీసీఎం-2లో ట్రెపొనీమాలను కొన్ని గంటలు ఉంచి, ఎన్ని అంటుకున్నాయో పోలాఏతో కొలవడం వరకే.

తదుపరి పని: పీహెచ్ 4.5, 5.5, 6.5 దగ్గర లాక్టిక్, హెచ్‌సీఎల్ ట్యూబుల నుంచి తీసిన ట్రెపొనీమాలు ఇప్పుడు ఫీడర్ ప్లేట్ల మీద ఉన్నాయి. కదలిక ఆగినవాటిలో కొన్ని ఆలస్యంగా కోలుకోవచ్చు, అందుకే ఏడో రోజు అంకెతో ఆగకుండా మరో రెండు పాసేజీలు (కొత్త ఫీడర్ కణాల మీదికి మార్చి పెంచడం) చూశాకే పట్టిక నింపుతాం. డి-లాక్టేట్ వరసకు సీరం కొత్త లాట్ రావాలి. పాత లాట్‌తో పక్కపక్కన పోల్చి, పెరుగుదల సమానంగా ఉందని తేలితేనే అది మొదలవుతుంది.